బుసాన్‌లో ఒక్క పూట నడుస్తూ తినాలంటే ఏ దారి పట్టాలి?

బుసాన్ వెళ్తున్నాం, ఏ పేటలో తిరుగుతూ తింటే బాగుంటుంది అని అడిగినవాళ్లని నేను ఎదురు అడిగేవి మూడు. ఎంతమంది వెళ్తున్నారు? పంది మాంసం, పచ్చి చేప తింటారా? మీకు చిక్కే ఖాళీ పగలా, సాయంత్రమా? ఈ మూడింటికీ జవాబు దొరికితే దారి దానంతటదే తేలుతుంది. చాలామంది వీటి జోలికి పోకుండా, ఫొటోల్లో అందంగా కనిపించిన హేఉండే బీచ్ దగ్గర మొదలుపెట్టి, అక్కడే డబ్బంతా ఖర్చుపెట్టి, ఏదో తిన్నాంలే అనుకుని తిరిగొస్తారు. అంత మంచి తిండి ఉన్న ఊరి నుంచి అలా రావడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను ఉల్సాన్‌లో ఉన్న రెండేళ్లూ సెలవు దొరికితే చాలు, రైలెక్కి బుసాన్‌లో దిగేవాణ్ని. గంటా పావు ప్రయాణం. ఒక్కణ్నే వెళ్లాను, నలుగురితో వెళ్లాను, చేప వాసన కూడా పడని అమ్మని తీసుకుని వెళ్లాను. ఒకే వీధి ఈ మూడుసార్లూ మూడు రకాలుగా కనిపించింది.

విశాఖ చూసినవాళ్లకి బుసాన్ స్వరూపం చప్పున అర్థమవుతుంది. ఒక పక్క కొండలు, ఒక పక్క హార్బరు, మధ్యలో సందు దొరికిన చోటల్లా ఇళ్లు. కాకపోతే ఇది 33 లక్షల మంది ఉండే ఊరు, తీరం పొడుగునా సాగిపోయింది. పాత రేవు ఉన్న నాంపో నుంచి హేఉండేకి మెట్రోలో ముప్పావు గంట పైనే పడుతుంది. అంటే ఒక్క పూటలో రెండు పేటలు తిందాం అనుకుంటే ఆ పూటలో సగం మెట్రోలోనే పోతుంది. ఒక పేట ఎంచుకుని అందులోనే నిదానంగా తిరగడం మేలు.

ఎంచుకునే ముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. 1950లో కొరియా యుద్ధం మొదలై సియోల్ పడిపోయాక, బుసాన్ దేశానికి తాత్కాలిక రాజధాని అయింది. ఉత్తరం నుంచి లక్షలమంది కట్టుబట్టలతో ఈ రేవుకి చేరారు. ఈ ఊరి పేరు చెప్పగానే గుర్తొచ్చే తిండి చాలావరకు ఆ శరణార్థుల పొయ్యిల మీద పుట్టిందో, పెరిగిందో అయి ఉంటుంది. పారేసే ఎముకలతో కాచిన పులుసు, అమెరికా సాయంగా వచ్చిన గోధుమపిండితో చేసిన సేమ్యా, అమ్ముడుపోని చిన్న చేపలు రుబ్బి వేయించిన ముద్దలు, అన్నీ అలాంటివే. కాబట్టి అసలు ఎంపిక ఇక్కడే ఉంది. ఊరి కథ తినాలనుందా, ఊరి సముద్రం చూస్తూ తినాలనుందా? మొదటిదైతే పాత రేవు వైపు వెళ్లండి. రెండోదైతే తూర్పు బీచ్‌ల వైపు.

గైడుతోనా, మనంతట మనమా

డబ్బు కట్టించుకుని నాలుగైదు చోట్ల తినిపించే నడకలు బుసాన్‌లో ఉన్నాయి. మాంసం విషయంలో గట్టి పట్టింపు ఉన్నవాళ్లకి, వేరుశనగ, రొయ్య లాంటివి ఒంటికి పడనివాళ్లకి ఆ డబ్బు దండగ కాదు. పులుసులో ఏం వేశారో కొరియన్‌లో విడమరిచి అడిగేవాళ్లు పక్కన ఉండాలి. మిగతావాళ్లు సొంతంగా వెళ్లొచ్చు. సొంతంగా వెళ్తే ఒక కొట్టు ముందు ఇరవై నిమిషాలు నిలబడి చూడొచ్చు, నచ్చకపోతే దాటిపోవచ్చు. ఈ సుఖం గైడు వెనక నడిస్తే ఉండదు.

ఒక్కటి మాత్రం ముందే చేసుకోండి. కొరియాలో గూగుల్ మ్యాప్‌ని నమ్ముకుని నడవలేం, నేవర్ మ్యాప్ గానీ కకావో మ్యాప్ గానీ ఫోన్లో వేసుకోవాలి. మెట్రోకి, బస్సుకి టీ-మనీ కార్డు తీసుకోండి. అందులో డబ్బు వేయించడానికి నోట్లు కావాలి, వీధి కొట్లలోనూ నోట్లుంటేనే పని తేలిక. వెయ్యి వోన్‌లు అంటే మన లెక్కలో 60 రూపాయలు, అటూ ఇటూగా.

నాంపో, జగల్చి, క్కంగ్తొంగ్: మొదటిసారి వెళ్లేవాళ్లకి

జీవితంలో ఒక్కసారే బుసాన్ వెళ్తున్నారా? ఇద్దరో ముగ్గురో ఉన్నారా? చేపలు తింటారా? ఇంకేం ఆలోచించకండి, ఇదే దారి. మొత్తం నడక రెండు కిలోమీటర్లకి అటూ ఇటూ. మధ్యాహ్నం మూడున్నరకి మెట్రో ఒకటో లైన్లో జగల్చి స్టేషన్‌లో దిగండి. పొద్దున్నే వెళ్తే చేపల అంగడి కళకళలాడుతుంది గానీ రాత్రి బజారు ఉండదు. రాత్రి వెళ్తే చేపలవాళ్లు సర్దేసుకుంటారు. మూడున్నర అయితే రెండూ దొరుకుతాయి.

స్టేషన్‌కి దక్షిణంగా నడిస్తే జగల్చి. కొరియాలోకెల్లా పేరున్న చేపల అంగడి. రబ్బరు బూట్లు, రబ్బరు ఏప్రాన్ కట్టుకున్న ఆడవాళ్లు వరసగా కూచుని ఉంటారు. వాళ్లని ఈ ఊరివాళ్లు జగల్చి అజిమె అంటారు, మన పిన్ని, అక్క లాంటి పిలుపు. ‘ఓఇసో, బోఇసో, సాఇసో’ అని ఈ అంగడికి ఒక నినాదం ఉంది. రండి, చూడండి, కొనండి అని బుసాన్ యాసలో. ఆ యాస విన్నాక సియోల్ కొరియన్ మరీ మెత్తగా అనిపిస్తుంది. పెద్ద భవనానికి నెలలో మొదటి, మూడో మంగళవారాలు సెలవు, బయట వీధిలో కొట్లు మాత్రం కొన్ని ఉంటాయి.

ఇక్కడ తినే పద్ధతి తెలియకపోతే చేతులు కాలతాయి. కింది అంతస్తులో నీళ్ల తొట్లలో బతికున్న చేపని ఎంచుకుంటారు, వాళ్లు అక్కడే కోసి పైకి పంపుతారు, పై అంతస్తులో కూచుని తింటారు. పైన బల్లకి, ఆకులకి, చట్నీలకి మనిషికింత అని వేరే కట్టాలి. మొదటిసారి నాకు ఈ సంగతి తెలియదు. బోర్డు మీద ధర ఉండాల్సిన చోట ‘షిక్కా’ అని రాసుంది. అంటే ఆ రోజు ధర. నేను తలూపాను, వాళ్లు వలతో చేపని పైకి తీశారు, ఇంకేముంది. ఆ భోజనం ఖరీదు ఆ నెలంతా గుర్తుంది. చేపని నీళ్లలోంచి తియ్యకముందే ‘ఓల్మాయెయో?’ (ఎంత?) అనండి, వాళ్లు కాలిక్యులేటర్ మీద చూపిస్తారు. పైన బల్లకెంతో కూడా అప్పుడే అడిగేయండి. అడగడం ఎవరూ తప్పుగా అనుకోరు, అక్కడివాళ్లు కూడా అడిగే కొంటారు.

పచ్చి చేప ముక్కల్ని వాళ్లు ‘హ్వె’ అంటారు. జపాన్‌వాళ్ల ముక్కలా నోట్లో కరగదు, నమలాలి. ఆ నమలడంలోనే రుచి ఉందని కొరియన్ల లెక్క. పెరిల్లా ఆకులో ముక్క పెట్టి, వెల్లుల్లి రెబ్బ, పచ్చిమిరప ముక్క, ఎర్రటి పులుపు చట్నీ వేసి, చుట్టి ఒక్కసారే నోట్లో పెట్టుకోవాలి. వద్దనుకునేవాళ్లు కాల్చిన కానగంత చేప (ఇంగ్లీషులో మాకెరెల్, వాళ్ల గొదుంగొ) తినండి. ఉప్పు రాసి, నూనె కారేలా కాల్చి, అన్నం, పులుసుతో ఇస్తారు. గొదుంగొ బుసాన్ నగరపు అధికారిక చేప కూడా. మన నాలుకకి ఈ అంగడిలో మొదటి ముద్దకే నచ్చేది ఇదే. క్కొమ్‌జాంగొ అని పాములా ఉండే సముద్ర జీవిని ఎర్ర మసాలాలో వేయించి పెడతారు. తోలు కోసం వలిచాక మిగిలిన మాంసాన్ని బీదవాళ్లు కాల్చుకు తినడంతో మొదలైందంటారు. ధైర్యం ఉంటేనే.

శరదృతువులో వెళ్తే జొనో అనే చిన్న చేప వస్తుంది. జొనో కాలుస్తున్న వాసనకి, ఇల్లు విడిచి వెళ్లిన కోడలు కూడా తిరిగొస్తుందని కొరియన్ సామెత. పుస్తెలమ్మి అయినా పులస తినాలని గోదావరి ఒడ్డున మనం అనుకుంటాం. రెండింట్లోనూ చేపకి పెట్టిన విలువ చూడండి, ఇల్లూ కాపురమూ దాని ముందు దిగదుడుపే.

జగల్చిలో పొట్ట నింపుకోకండి. సగం ఖాళీ ఉంచుకుని రోడ్డు దాటితే బిఫ్ స్క్వేర్. 1996లో మొదలైన బుసాన్ సినిమా పండుగ పేరు మీద పెట్టిన చోటు, నేల మీద సినిమావాళ్ల చేతి ముద్రలుంటాయి. మనం మాత్రం సియాత్ హొత్తోక్ బండి దగ్గర ఆగుదాం. ఇది ఎలా చేస్తారో దగ్గర నిలబడి చూడండి. పులిసిన పిండి ముద్దని చేతిలో వెడల్పు చేసి, గోధుమ రంగు చక్కెర కూరి, మూసి, కరిగిన మార్గరిన్ మడుగులో వదులుతారు. చెక్క పిడి ఉన్న గుండ్రటి బిళ్లతో నొక్కుతారు. అట్టులా వెడల్పవుతుంది గానీ మన బూరెలా లోపల పాకం కరుగుతూ ఉంటుంది. రెండు వైపులా ఎర్రబడ్డాక తీసి, కత్తెరతో పక్కన కోసి నోరు తెరిచి, ఆ నోట్లో పొద్దుతిరుగుడు, గుమ్మడి గింజలు గరిటెడు నింపి, కాగితపు కప్పులో పెట్టి చేతికిస్తారు. సుమారు 2,000 వోన్‌లు. మొదటి కొరుకు చివర నుంచి కొరకండి, మధ్యలో కొరికితే పాకం గడ్డం మీదికి కారి కాలుతుంది. ఇది బుసాన్‌లో మాంసం, చేప లేకుండా దర్జాగా తినగలిగే వీధి తిండి. అమ్మ రెండు తింది.

అక్కడి నుంచి ఉత్తరంగా గుక్జే మార్కెట్. 1945 తర్వాత ఖాళీ స్థలంలో సంతలా మొదలై, యుద్ధంలో శరణార్థుల బతుకుతెరువుగా పెరిగింది. దాని పక్క సందుల్లో ఆడవాళ్లు పళ్లేలు ముందు పెట్టుకుని వరసగా కూచుంటారు, ఎదురుగా చిన్న స్టూళ్లు. బిబిమ్ దంగ్‌మ్యోన్ ఇక్కడ తినాలి. చిలగడదుంప పిండితో చేసిన గాజులాంటి సేమ్యా మీద కూరగాయల తురుము, చేపముద్ద ముక్కలు, ఎర్ర చట్నీ. కలుపుకుని నాలుగు నిమిషాల్లో తినేసి లేచిపోవాలి. మన కారానికి అలవాటుపడ్డ నోటికి ఆ చట్నీ తియ్యగా అనిపిస్తుంది, కంగారు పడకండి, గొచుజాంగ్ (వాళ్ల పులిసిన మిరప ముద్ద) తీరే అంత. పక్కనే చుంగ్మూ గింబాప్ కూడా ఉంటుంది. ఉత్త అన్నాన్ని సముద్రపు నాచులో వేలెడు చుట్టలుగా చుట్టి, కారం పట్టిన స్క్విడ్ ముక్కలు, ముల్లంగి కిమ్చీ (వాళ్ల పులిసిన ఊరగాయ) పక్కన పెడతారు. ఈ సందులు చీకటి పడ్డాక పలచబడతాయి కాబట్టి ఆరున్నర లోపు ఇక్కడికి రండి.

ఏడున్నరకి పక్కనే ఉన్న బుప్యోంగ్ క్కంగ్తొంగ్ మార్కెట్లో రాత్రి బండ్లు తెరుస్తారు. క్కంగ్తొంగ్ అంటే రేకు డబ్బా. అమెరికన్ సైనిక శిబిరాల నుంచి బయటికొచ్చిన డబ్బా సరుకులు అమ్మిన చోటు కాబట్టి ఆ పేరు. 2013లో మొదలైన ఈ రాత్రి బజారు కొరియాలో రోజూ నడిచే రాత్రి బజార్లలో మొదటిది. చెప్పాలంటే ఆ బండ్ల మీద అమ్మేవాటిలో చాలావరకు ఎక్కడైనా దొరికేవే, చీజ్ పోసినవీ, టార్చితో కాల్చినవీ. నేనైతే వాటిని చూస్తూ దాటిపోయి, పాత కొట్లలో యుబు జుమొని తింటాను. వేయించిన టోఫు సంచిలో సేమ్యా, కూరలు కూరి, మూతిని ఆకుకూర కాడతో కట్టి, చేప పులుసులో వేసిస్తారు. చలికాలం రాత్రి ఆ గిన్నె రెండు చేతుల్లో పట్టుకుంటే చాలు.

ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఈ దారిలో ఒక లోటుంది. హ్వె, క్కొమ్‌జాంగొ ఇద్దరికి తక్కువ ఇవ్వరు. ఒక్కరైతే జగల్చిలో కాల్చిన చేప దగ్గర ఆగి, మిగతా పొట్ట వీధి తిండికి ఉంచుకోండి.

చోర్యాంగ్: ఒంటరిగా, పగలు, కాళ్లలో సత్తువ ఉంటే

సియోల్ నుంచి కేటీఎక్స్ అనే వేగం రైల్లో వచ్చి, సాయంత్రానికి తిరిగిపోయేవాళ్లు ఉంటారు. వాళ్లు నాంపో దాకా పరుగెత్తనక్కర్లేదు. బుసాన్ స్టేషన్ మెట్లు దిగి రోడ్డు దాటితే చైనావాళ్ల వీధి, దాని వెనక చోర్యాంగ్. చైనా వీధిలో మందూ (మోమోల్లాంటివి) తినండి, వేయించినవి గానీ ఆవిరి పట్టినవి గానీ. లోపల పంది మాంసం ఉంటుందని గుర్తుంచుకోండి.

ఈ దారికి అసలు కారణం మిల్‌మ్యోన్. ఉత్తరం నుంచి వచ్చినవాళ్లకి బక్‌వీట్ అనే గింజల పిండి సేమ్యాతో చేసే చల్లటి నెంగ్‌మ్యోన్ ప్రాణం. ఇక్కడ బక్‌వీట్ లేదు, సాయంగా వచ్చిన గోధుమపిండి ఉంది. దాంతోనే చేసుకున్నారు. ‘మిల్’ అంటే గోధుమ. పెద్ద స్టీలు గిన్నెలో సేమ్యా ముద్ద, దాని మీద దోసకాయ, ముల్లంగి, ఎర్ర ముద్ద, ఉడికిన గుడ్డు సగం, చుట్టూ సగం గడ్డకట్టిన పులుసు. ముందు కెటిల్లో వేడి ఎముకల రసం తెచ్చి పెడతారు, అది తాగుతూ కూచోవాలి. గిన్నె వచ్చాక కత్తెరతో సేమ్యాని అడ్డంగా రెండుసార్లు కత్తిరిస్తారు. సగం అలాగే తిని, తర్వాత వెనిగర్, ఆవపిండి ముద్ద వేసుకోండి. మే నుంచి సెప్టెంబర్ దాకా బుసాన్ ఉక్కపోతలో దీనికి మించింది లేదు. పులుసు లేని బిబిమ్ రకం కూడా ఉంటుంది గానీ, మొదటిసారి పులుసుదే తినండి, అందులోనే ఉంది దీని గొప్పంతా. 10,000 వోన్‌ల దరిదాపుల్లో అయిపోతుంది, ఒక్కరు కూచున్నా ఎవరూ వింతగా చూడరు.

తిన్నాక అరగడానికి ఇబాగు-గిల్ ఎక్కండి. ‘ఇబాగు’ అంటే బుసాన్ యాసలో కథ. శరణార్థులు కొండమీద గుడిసెలు వేసుకున్న దారి అది, నడుమ 168 మెట్లు నిటారుగా ఉంటాయి. కింద రేవులో ఓడ వచ్చిందని తెలియగానే కూలి దొరుకుతుందని ఈ మెట్ల మీద పరుగెత్తేవారట. పైనుంచి రేవంతా కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఈ దారి జోలికి రావద్దు. చోర్యాంగ్‌లో పంది పక్కటెముకలు కాల్చే సందు కూడా ఉంది, అది సాయంత్రానికి, ఇద్దరికి.

సోమ్యోన్, జోన్‌పో: వాన పడినా, ఒక్కరున్నా

మెట్రో ఒకటి, రెండు లైన్లు కలిసే చోటు సోమ్యోన్. సముద్రం కనిపించదు, అందుకే పర్యాటకులు దీన్ని పట్టించుకోరు. ఒంటరి ప్రయాణికులకి మాత్రం ఇంతకన్నా ఆదరించే పేట లేదని నా నమ్మకం. సోమ్యోన్ మార్కెట్ పక్క సందులో ద్వేజి గుక్‌బాప్ హోటళ్లు వరసగా ఉన్నాయి. పంది ఎముకలు గంటలకొద్దీ కాచిన పులుసులో అన్నం, మాంసం ముక్కలు.

వీలైతే వంటావిడ కనిపించే చోట కూచోండి. గిన్నెలో చల్లారిన అన్నం, దాని మీద పలచటి మాంసం ముక్కలు పెట్టి, మరుగుతున్న పులుసు గరిటెతో పోస్తుంది. గరిటె అడ్డం పెట్టి పులుసుని మళ్లీ గుండిగలోకి వంపేస్తుంది. మళ్లీ పోస్తుంది, మళ్లీ వంపుతుంది. నాలుగైదుసార్లు ఇలా. దీన్ని తొర్యొమ్ అంటారు. మెతుకు మెతుక్కీ పులుసు పట్టి, అన్నం వేడెక్కి, నోరు కాలకుండా తినగలిగే వేడిలో గిన్నె మన ముందుకొస్తుంది. ఈ రోజుల్లో అన్నం విడిగా ఇచ్చే హోటళ్లే ఎక్కువ. తొర్యొమ్ చేసే చోటు దొరికితే వదలొద్దు.

పులుసు చప్పగా వస్తుంది, అది తప్పు కాదు. ఉప్పేసిన చిట్టి రొయ్యలు, కారం ముద్ద, కారంలో కలిపిన వెల్లుల్లి ఆకుకూర బల్ల మీద ఉంటాయి, మన రుచికి మనమే కలుపుకోవాలి. ఆ ఆకుని సియోల్‌లో బుచు అంటారు, బుసాన్‌లో జొంగుజి. అది గుప్పెడు వేస్తే పులుసుకి ప్రాణం వస్తుంది. పచ్చి ఉల్లి, పచ్చిమిరప కూడా ఇస్తారు, కొరుక్కుంటూ తినడం మనకి కొత్త కాదు. 10,000 వోన్‌ల దగ్గర్లో కడుపు నిండుతుంది, పక్క గిన్నెల్లో పెట్టినవి అడిగితే మళ్లీ వేస్తారు, దానికి డబ్బు తీసుకోరు. రాత్రంతా తెరిచి ఉండే హోటళ్లు కొన్ని ఉన్నాయి. విమానం ఆలస్యమై అర్ధరాత్రి ఊళ్లోకి వచ్చినవాళ్లకి ఇది గుర్తుంచుకోదగ్గ మాట.

తిని తూర్పుగా పది నిమిషాలు నడిస్తే జోన్‌పో. ఒకప్పుడు పనిముట్లు, యంత్ర భాగాలు అమ్మిన సందులు. ఇప్పుడు ఇనుప కొట్ల మధ్య చిన్న చిన్న కాఫీ షాపులు. కాఫీ విషయంలో బుసాన్‌ది చిన్న పేరు కాదు, 2019 ప్రపంచ బరిస్తా (కాఫీ చేసే నిపుణుల) పోటీ విజేత జొన్ జు-యొన్ ఈ ఊరి కాఫీ సంస్థ నుంచే వచ్చింది. పంది తినని వాళ్లకి మాత్రం సోమ్యోన్‌లో సగం పని లేనట్టే. వాళ్లు బుజొన్ మార్కెట్‌లో కూరగాయలు, ఎండు చేపలు, జిన్‌సెంగ్ చూసుకుని, కాఫీకి ఇక్కడికి రావొచ్చు.

హేఉండే, చొంగ్సాపో, గ్వాంగల్లి: సముద్రం కోసం

ఇక్కడికి రావొద్దని చెప్పను. తిండి కోసమే అయితే రావొద్దంటాను. నలుగురున్నారు, సాయంత్రం కాసేపు గాలి పీల్చుకుంటూ కూచోవాలి అంటే చొంగ్సాపో బాగుంటుంది. పాత రైలు పట్టాల మీద నడిచే చిన్న రైలు మీపో నుంచి తీరం వెంటే తీసుకెళ్తుంది. పక్కనే చెక్క బాట ఉంది, నేను నడవడానికే ఓటేస్తాను. అక్కడ గవ్వ చేపల్ని బొగ్గుల మీద పెట్టి, వెన్న, చీజ్, ఉల్లిపాయ వేసి కాలుస్తారు. జోగె గుయి అంటారు. ఇద్దరికి తక్కువ ఇవ్వరు. చలికాలంలో బావుంటుంది, నడి వేసవిలో మాత్రం పచ్చి గవ్వలు ముట్టుకోకండి, కాల్చినవి కూడా పూర్తిగా నోరు తెరిచాకే తినండి.

గ్వాంగల్లిలో, 2003లో తెరిచిన గ్వాంగన్ వంతెన ఎదురుగా, మిల్లాక్ చేపల భవనం ఉంది. పద్ధతి జగల్చిలాంటిదే. శనివారం రాత్రి ఇక్కడ డ్రోన్ల ప్రదర్శన ఉంటుంది, ఆ రోజు కూచోడానికి చోటు దొరకదు. పిల్లలతో వెళ్లేవాళ్లకి అది చూపించడం కోసమైనా ఈ వైపు రావడం న్యాయమే. అయితే పొట్ట నింపుకునే పని సాయంత్రానికి ముందే చేసుకోండి.

యోంగ్దో

నాంపో రెండోసారి వెళ్లేవాళ్లు అక్కడి నుంచి వంతెన దాటి యోంగ్దో దీవికి నడవొచ్చు. ఆ వంతెనని మొదట 1934లో తెరిచారు. యుద్ధంలో విడిపోయిన కుటుంబాలు, బతికుంటే ఈ వంతెన దగ్గర కలుద్దామని మాట అనుకునేవారు. అవతల బొంగ్నె మార్కెట్‌లో 1953 నుంచి ఉన్న సామ్జిన్ ఒముక్ కొట్టు ఉంది. ఒముక్ అంటే చేపముద్ద. బేకరీలోలా పళ్లెం, పటకారు తీసుకుని కావలసినవి ఏరుకోవాలి. వేడి వేడిది ఒకటి తిన్నాక, మామూలు చోట్ల పుల్లకి గుచ్చి అమ్మేది ఎంత పలచనో తెలిసిపోతుంది. వీధుల్లో పుల్ల ఒముక్ తినేటప్పుడు పక్కనే తెల్లటి బియ్యపు ముద్దలు అదే పులుసులో నానుతూ కనిపిస్తాయి. మూల్‌త్తోక్ అంటారు, బుసాన్‌కే ప్రత్యేకం. పులుసు కాగితపు కప్పులో ఎంతైనా తాగొచ్చు, ఊరికే.

శాకాహారులకి, ఇంకా కొందరికి

బుసాన్ వీధి తిండిలో శాకాహారం దాదాపు లేదు. చూడ్డానికి కూరగాయల పులుసులా ఉన్నా అడుగున ఎండు నెత్తళ్లు ఉంటాయి. కిమ్చీలో చేప రసమో, ఉప్పు రొయ్యలో ఉంటాయి. ‘గోగి ప్పేజుసెయో’ (మాంసం వెయ్యకండి) అంటే మాంసం తీసేస్తారు, చేప మిగులుతుంది, ఎందుకంటే వాళ్ల లెక్కలో చేప మాంసం కాదు. అమ్మతో వెళ్లినప్పుడు నేను నాంపో దారే పట్టాను. హొత్తోక్, చుంగ్మూ గింబాప్‌లో ఉత్త అన్నం చుట్టలు (మన ఊరగాయ వెంట తీసుకెళ్లాం, నిజంగా కుదిరింది), గుక్జే మార్కెట్ పక్క సందులో ఎర్ర చిక్కుడు గింజల తియ్యటి జావ, కాల్చిన చెస్ట్‌నట్‌లు. ఆ పూటకి సరిపోయింది. రెండు రోజులుండేవాళ్లు బొమొసా గుడిలో బస చేస్తే, ఉల్లి, వెల్లుల్లి లేని గుడి భోజనం దొరుకుతుంది. 678లో కట్టిన గుడి, మెట్రో ఒకటో లైన్‌లోనే స్టేషన్.

హలాల్ చూసుకునేవాళ్లకి అదే లైన్లో దుసిల్ స్టేషన్ దగ్గర మసీదు ఉంది. గొడ్డు మాంసం వద్దనుకునేవాళ్లు ‘సో’ అనే మాట, పంది వద్దనుకునేవాళ్లు ‘ద్వేజి’ అనే మాట కొరియన్ లిపిలో ఎలా ఉంటుందో ఫోన్లో ఫొటో తీసిపెట్టుకోండి. బోర్డు చదవడానికి అది చాలు. అయితే మిల్‌మ్యోన్ లాంటి వాటి పులుసు ఏ ఎముకలదో బోర్డు మీద ఉండదు, అడిగే తీరాలి.

ఇంకొక మాట. చాలా హోటళ్లు మూడింటి నుంచి అయిదింటి దాకా వంటిల్లు మూసేస్తాయి. చుసోక్ (పంటల పండుగ), సొల్లాల్ (కొత్త సంవత్సరం) పండుగ రోజుల్లో పాత కొట్లు తెరవరు.

తీరా వాన పట్టుకుంటే

జూన్ చివర నుంచి జూలై దాకా అక్కడ వానలు. చినుకు పడితే మనకి మిరపకాయ బజ్జీ గుర్తొచ్చినట్టే కొరియన్లకి పాజోన్ (ఉల్లికాడల అట్టు) గుర్తొస్తుంది. పెనం మీద నూనె చిటపటలు వాన చప్పుడులా వినిపిస్తాయని వాళ్లంటారు. అప్పుడు పైన రాసిన దారులన్నీ పక్కన పెట్టి, ఒకటో లైన్ పట్టుకుని దోంగ్నె వెళ్లండి. నిండా లేత ఉల్లికాడలు పరిచి, పైన రొయ్యలు, గవ్వలు, బియ్యప్పిండి కలిపిన పలచటి పిండి, చివర్న గుడ్డు పోసి మూతపెట్టి మగ్గిస్తారు. మిగతా కొరియాలో దొరికేదానిలా కరకరలాడదు, మధ్యలో మెత్తగా, తడిగా ఉంటుంది. పచ్చిగా ఉందేమో అని వెనక్కి పంపకండి, దోంగ్నె పాజోన్ అలాగే ఉండాలి. సోయాలో కాదు, పుల్లటి ఎర్ర చట్నీలో అద్దుకోవాలి. తాగే అలవాటున్నవాళ్లు పక్కన గుమ్‌జొంగ్ కొండ కోటలో పులియబెట్టిన మక్కొల్లి (బియ్యపు కల్లు) చెప్పండి. కొంచెం పుల్లగా, మన తాటికల్లుని తలపించేలా ఉంటుంది. ఇద్దరికి ఒక అట్టు చాలు.